సముద్రానికి సాయం

ఆ రోజుకు ఇంజనీరమ్మ వేసుకున్న పథకంలో ఉన్నది ఒకే ఒక్క మాట: ఎవరూ ఏమీ చేయకూడదు. ఇంతకంటే తేలికైన పథకం ఇంకొకటి ఉండదని ఆమె అనుకుంది. అది ఎంత కష్టమో పొద్దున్నే పొయ్యి దగ్గరే తేలిపోయింది.

కూరలో ఉప్పు వేసి, మూత పెట్టి, ఆమె తల దువ్వుకోవడానికి వెళ్ళింది. అత్తగారు వంటింట్లోకి వచ్చి, కోడలు ఇవాళ పరాగ్గా ఉంది, మరిచిపోయే ఉంటుందని జాలిపడి ఉప్పు వేసింది. మంచినీళ్ళ కోసం వచ్చిన భర్త, ఆడవాళ్ళిద్దరూ హడావుడిలో ఉన్నారు, ఈ పూటకు తానైనా ఆదుకోవాలి అనుకుని ఇంకో గుప్పెడు వేశాడు. రుచి చూద్దామని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఇంజనీరమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి. "ఇదేంటి, సముద్రాన్ని గిన్నెలో పోసి ఉడకబెట్టినట్టుంది!"

"నేను రవ్వంతే వేశానమ్మాయ్," అంది అత్తగారు.

"మీరూ వేశారా? నేను వేశానుగా అత్తయ్యా!"

భర్త ముద్ద మింగలేక, కక్కలేక గోడవైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఏమండీ. మీరు కూడానా?"

"సాయం చేద్దామనీ..."

"నా భయం కూడా అదే! ఇవాళ నాకు ఎవరి సాయమూ వద్దు. ఇద్దరూ షెడ్డుకు రండి, కుర్చీల్లో కూర్చోండి, చూడండి, చప్పట్లు కొట్టండి. దేని మీదా చెయ్యి మాత్రం వేయకండి. నా యంత్రం సంగతి తెలుసుగా!"

తెలుసు. ఇల్లు ఇల్లంతా విని విని విసిగిపోయి ఉంది. రేవులో సముద్రంలోకి పొడుచుకుపోయిన రాళ్ళ గట్టుకు ఒక పెద్ద ఇనుప తెప్ప బిగించి ఉంది. కెరటం లేస్తే తెప్ప లేస్తుంది, కెరటం దిగితే దిగుతుంది. ఆ ఊపుకు గొట్టాల్లో నూనె ఒత్తిడి ఎక్కుతుంది. ఆ ఒత్తిడి చక్రాన్ని తిప్పుతుంది, చక్రం కరెంటు పుట్టిస్తుంది. అంతే. ఇందులో బొగ్గు లేదు, పొగ లేదు, మంత్రం లేదు. ఒక్క షరతు మాత్రం ఉంది. లైనులో ఇంకెక్కడి కరెంటు తగిలినా యంత్రం తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది. లైను పూర్తిగా చచ్చి ఉందని కాసేపు చూసి, నమ్మకం కుదిరాకే కరెంటు వదులుతుంది. తీగ పట్టుకున్న మనిషి ప్రాణం పోకూడదని ఇంజనీరమ్మ స్వయంగా పెట్టిన ఏర్పాటు అది.

"వంటింట్లో ఇంకో మనిషి ఉంటే గరిటె పట్టదన్నమాట," అని అత్తగారు దాన్ని ఎప్పుడో ఒక్క ముక్కలో తేల్చేసింది. "రోషం గల పిల్ల."

రేవులో చేపల వేలం షెడ్డు ఉంది. దానికి కరెంటు లేదు. రోడ్డుకు అవతల ఐసు ఫ్యాక్టరీకి ఉంది, ఎందుకంటే దానికి ఒక యజమాని ఉన్నాడు. షెడ్డులో ఉన్నది చేపలు కోసే ఆడవాళ్ళు. ఆఫీసులన్నీ ఒకదాని వైపు ఒకటి వేలు చూపించుకుని నిద్రపోయాయి. తెల్లవారకముందే వచ్చే ఆ ఆడవాళ్ళు సెల్‌ఫోన్లు పళ్ళతో కరిచి పట్టుకుని, ఆ గుడ్డి వెలుతురులో కత్తిపీటల ముందు కూర్చుంటారు. వాళ్ళ వేళ్ళ మీద గాట్లు ఎవడైనా చూడొచ్చు. ఎవడూ చూడలేదు. ఇంజనీరమ్మ చూసింది. ఈ షెడ్డులో సముద్రం చేత దీపం పెట్టిస్తానని వాళ్ళకు మాట ఇచ్చింది.

ఆ మాట నిలబడుతుందో లేదో ఆ రోజే తేలాలి. కెరటాల కరెంటు ఒక్కదానితోనే షెడ్డు దీపాలు వెలిగితే గట్టు మీది ఈ విద్యుత్ కేంద్రం ఉంటుంది. వెలగకపోతే తెప్పను పాత ఇనుము కింద తూకానికి అమ్మేసి గట్టుకు కంచె కట్టేస్తారు. చూసి తేల్చడానికి వస్తున్న తనిఖీ అధికారికి ఆఫీసుల్లో తాళంకప్ప అని పేరు. ఆయన కాలు పెట్టిన ప్రతి చోటా వెళ్ళేటప్పుడు తలుపుకు తాళం పడుతుంది. తాళం ఆయనే తెచ్చుకుంటాడు.

ఇంజనీరమ్మకు బెదురు లేదు. యంత్రం పుట్టిన దగ్గర్నుంచి దాని ప్రతి బోల్టూ ఆమె బిగించిందే. ఉప్పు కూర డబ్బాలో పెట్టుకుని, గట్టు చివర ఉన్న యంత్రం గదికి వెళ్ళిపోయింది.

ఆమె అటు వెళ్ళగానే భర్త కిటికీలోంచి సముద్రాన్ని చూశాడు. నీళ్ళు ఇస్త్రీ చేసిన దుప్పటిలా ఉన్నాయి. నురగ లేదు, హోరు లేదు.

"అమ్మా, చూశావా? కెరటమే లేదు!"

"అయ్యో, ఇవాళే చావాలా ఇది!" అంది అత్తగారు. తిట్టింది సముద్రాన్ని.

"పాపం, తనకి తెలిసే ఏమీ చేయొద్దంది. ఆశ వదిలేసుకున్నట్టుందమ్మా."

ఒక మనిషి నిబ్బరంగా ఉంటే చుట్టూ ఉన్నవాళ్ళకు అది నిరాశలాగే కనిపిస్తుంది. భర్తది మైకులు, లైట్లు, జనరేటర్లు అద్దెకిచ్చే కొట్టు. షెడ్డులో బల్బుల దండలు కట్టింది కూడా అతనే. కొట్టులో ఉన్నవాటిలో మంచి జనరేటర్ను బండిలో వేసుకుని, షెడ్డు వెనక వలల గుట్ట పక్కన దింపి, టార్పాలిన్ కప్పి, తీగను షెడ్డు కరెంటు బోర్డులో కలిపేశాడు.

"అవసరమైతేనేనమ్మా," అన్నాడు. "లేకపోతే ముట్టుకోను."

"అవసరం నేను చెప్తాలే. నువ్వు దాని పక్కనే కూర్చో," అంది అత్తగారు. యంత్రం రోషం గల పిల్లని ఇద్దరికీ తెలుసు. అయితే ఇంకో మనిషి అంటే పరాయి వాళ్ళని, తాము కాదని ఇద్దరి నమ్మకం.

ఇంట్లో వాళ్ళే ఇలా ఉంటే ఆఫీసు సంగతి చెప్పేదేముంది? కేంద్రం మేనేజరు కూడా పొద్దున్నే సముద్రాన్ని చూశాడు. ఆయనకు యంత్రం మీద నమ్మకం లేదు, సముద్రం మీద నమ్మకం లేదు. ఉన్న నమ్మకమంతా ఐసు ఫ్యాక్టరీ యజమాని మీద ఉంది. అక్కడినుంచి రోడ్డు కింద తూములోంచి ఒక లావుపాటి కేబులు లాగించి, అదే బోర్డుకు కలిపించాడు.

"నేను చేతిరుమాలు ఊపుతాను. ఊపగానే స్విచ్చి వేయండి. మళ్ళీ ఊపితే తీసేయండి. అవసరమైతేనే సుమా!" అని యజమానికి చెప్పి, ఆయన్ను ఫ్యాక్టరీ కిటికీలో నిలబెట్టాడు.

"ఊపండి, చూసుకుంటా," అన్నాడు యజమాని. "రేపు మీ కరెంటు నాక్కూడా చవగ్గా ఇవ్వాలి మరి."

తాళంకప్ప కారు రేవులోకి వచ్చింది. ఆయన దిగాడు. బక్కపలచటి మనిషి, చంకలో సంచీ, సంచీలో ఏదో బరువుగా గలగలలాడింది. ఆ శబ్దం వినగానే మేనేజరుకు ముచ్చెమటలు పోశాయి. జేబులోంచి చేతిరుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

షెడ్డంతా భగ్గున వెలిగింది.

చేపలు కోసే ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. తాళంకప్ప కనుబొమలు పైకి లేచాయి. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయినవాడు మేనేజరే. తాను సైగ చేయలేదు కదా! అంటే ఇది నిజంగా సముద్రమే! ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడే ఫోను మోగింది.

"లైన్లో కరెంటెక్కడిది మేనేజరుగారూ?" అంది ఇంజనీరమ్మ.

"మీదేనమ్మా! బ్రహ్మాండంగా వెలుగుతున్నాయి!"

"నేనింకా వదల్లేదండీ. ఒత్తిడి నిండుగా ఉంది, చక్రం తిరుగుతోంది, కానీ ఎవరో లైన్లో దూరారని యంత్రం తప్పుకుని కూర్చుంది. ఎవరు?"

మేనేజరు తన చేతిలో ఉన్న రుమాలు వైపు చూశాడు. రోడ్డుకు అవతల కిటికీలో బొటనవేలు పైకెత్తి చూపిస్తున్న యజమాని వైపు చూశాడు. తాళంకప్ప అటు తిరిగిన అదను చూసి రుమాలు గట్టిగా ఊపాడు. దీపాలు ఆరిపోయాయి.

"ఏమైంది?" అన్నాడు తాళంకప్ప.

"చిన్న... చిన్న విరామం సార్. సముద్రం కదండీ, ఊపిరి పీల్చుకుంటుంది."

గట్టు చివర యంత్రం లైను చచ్చిందని గమనించి, తనలో తాను లెక్క చూసుకోవడం మొదలుపెట్టింది. ఇంకొక్క నిమిషం ఎవరూ ఏమీ చేయకుండా ఉంటే కథ అయిపోయేది. కానీ షెడ్డులో ముందు వరుస కుర్చీలో అత్తగారు ఉంది.

"ఒరేయ్! ఆరిపోయాయిరా!" అని ఆమె వెనక్కి తిరిగి పెట్టిన కేకకు గూళ్ళలో పక్షులు లేచిపోయాయి. టార్పాలిన్ పక్కన కాచుకుని ఉన్న కొడుకు తాడు గుంజాడు. డుగడుగడుగమని జనరేటరు మొదలైంది, దీపాలు మళ్ళీ వెలిగాయి, యంత్రం మళ్ళీ తప్పుకుని కూర్చుంది.

తాళంకప్ప చెవి రిక్కించాడు. "ఆ చప్పుడేంటి?"

"మా కోడలి యంత్రం బాబూ," అంది అత్తగారు తడుముకోకుండా.

"యంత్రం గట్టు చివర కదా ఉంది? చప్పుడు షెడ్డు వెనకనుంచి వస్తోందేం?"

"నీళ్ళ మీద చప్పుడు అలాగే చుట్టు తిరిగొస్తుంది. మీకు రేవు అలవాటు లేనట్టుంది. కూర్చోండి, మంచినీళ్ళు తాగుతారా?"

"డీజిలు వాసన కూడా వస్తోంది."

"పడవలు బాబూ. పడవలేమన్నా అత్తరు తాగుతాయా?"

మళ్ళీ ఫోను. "మేనేజరుగారూ, మళ్ళీ ఎవరో దూరారు! ఇప్పుడెవరు?"

మేనేజరుకు జనరేటరు సంగతి తెలియదు. ఐసు ఫ్యాక్టరీ యజమాని అత్యుత్సాహంతో తనంతట తానే స్విచ్చి మళ్ళీ వేశాడనుకున్నాడు. పళ్ళు కొరుక్కుంటూ, తీసెయ్యవయ్యా మహానుభావా అని మనసులో తిట్టుకుంటూ, రుమాలు మళ్ళీ ఊపాడు. అక్కడ కిటికీలో యజమాని స్విచ్చి తీసేసి బుద్ధిగా నిలబడి ఉన్నాడు. రుమాలు ఊగింది. ఒప్పందం ప్రకారం ఆయన స్విచ్చి వేశాడు.

రెండు దొంగ కరెంట్లు ఒకే బోర్డులో ఎదురుపడ్డాయి.

టపాకాయల కొట్టు తగలబడినట్టు శబ్దమైంది. బోర్డులోంచి నీలం మంట ఒకటి లేచి ఆరింది. దీపాలు ఆరిపోయాయి, జనరేటరు ఒక్కసారి ఎక్కిళ్ళు పెట్టి చచ్చింది. రోడ్డుకు అవతల ఐసు ఫ్యాక్టరీలో ఫ్యూజులన్నీ కాలిపోయి, ఎన్నడూ ఆగని మోటార్ల రొద ఠక్కున ఆగింది. ఆ నిశ్శబ్దంలో వలల గుట్ట వెనకనుంచి టార్పాలిన్ కప్పుకుని, ముఖమంతా మసితో, భర్త దగ్గుతూ బయటికి వచ్చాడు.

"నేను... లైట్ల వాణ్ణండీ," అన్నాడు.

తాళంకప్పకు ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. టార్పాలిన్ ఎత్తి జనరేటర్ను చూశాడు. తూములోంచి వచ్చిన కేబులును పట్టుకుని రోడ్డు దాకా నడిచి ఐసు ఫ్యాక్టరీని చూశాడు. వెనక్కి వచ్చి, షాకు కొట్టకుండా కాలి రబ్బరు జోళ్ళు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకుని, రెండు తీగలనూ బోర్డులోంచి తన చేత్తో పీకి నేల మీద పడేశాడు.

"ఎంత గుండెలు తీసిన బంట్లయ్యా మీరు! ఒక దొంగ కనెక్షను ఎక్కడన్నా చూస్తాం. దొంగకు తోడు దొంగా?"

"సార్, అవసరమైతేనే అనీ..." అన్నాడు మేనేజరు.

"నోరు ముయ్యండి!" ఆయన ఒక కుర్చీ లాక్కుని, బోర్డుకు అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. సంచీలోంచి తాళం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నా కారు డ్రైవరు ఫొటోలు తీసేదాకా ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు! ఎవరి చెయ్యి కదిలినా పోలీసుల్ని పిలుస్తా!"

షెడ్డులో ఉన్న ప్రతి మనిషీ చేతులు కట్టుకుని నిలబడ్డారు. చేపలు కోసే ఆడవాళ్ళలో ఒకామె తన సెల్‌ఫోను కొంగుతో తుడిచి, రేపటి కోసం జాగ్రత్తగా బొడ్లో దోపుకుంది. అది చూసి అత్తగారు కట్టుకున్న చేతుల్ని ఇంకా గట్టిగా బిగించుకుంది.

ఫోను మోగింది. మేనేజరు ఏడుపు గొంతుతో ఎత్తాడు.

"అక్కడ ఏం జరుగుతోందండీ?"

"అయిపోయిందమ్మా. అంతా అయిపోయింది. దొరికిపోయాం. తాళంకప్... సారు బోర్డుకు అడ్డంగా కూర్చున్నారు. ఎవర్నీ ఏదీ ముట్టుకోనివ్వట్లేదు."

"ఎవర్నీనా?"

"ఎవర్నీ."

"మా అత్తగార్ని కూడా?"

"కూడానమ్మా."

"ఆ మహానుభావుడు నూరేళ్ళు చల్లగా ఉండాలి!" అని ఇంజనీరమ్మ ఫోను పెట్టేసింది.

యంత్రం లైను చూసుకుంది. చచ్చి ఉంది. కాసేపు ఆగి మళ్ళీ చూసుకుంది. ఇంకా చచ్చే ఉంది. వంటింట్లో తాను తప్ప ఎవరూ లేరని నమ్మకం కుదిరాక గరిటె పట్టింది.

దీపాలు వెలిగాయి. ఈసారి భగ్గుమనలేదు. నిదానంగా, నిండుగా, కదలకుండా వెలిగాయి.

తాళంకప్ప కుర్చీలోంచి ఎగిరి పడ్డాడు. "ఎవరు? ఎవరు ముట్టుకున్నారు?"

"చేతులు కట్టుకునే ఉన్నాం బాబూ," అంది అత్తగారు. "మీరే చూస్తున్నారుగా."

"మూడోది! మూడో దొంగ తీగ ఉంది!" బోర్డు వెనక తడిమాడు. నిజంగానే ఇంకో కేబులు ఉంది. దాన్ని చేత్తో పట్టుకుని, ఈసారి ఎవడు దొరుకుతాడో చూస్తానని బయలుదేరాడు. కేబులు షెడ్డు దాటింది, గట్టు ఎక్కింది, రాళ్ళ వెంట సాగింది. ఆయన వెనక మేనేజరు, మసి ముఖంతో భర్త, అత్తగారు, ఊరేగింపులా చేపల ఆడవాళ్ళు.

యంత్రం గదిలో ఇంజనీరమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుని ఉంది. ఆయన గదంతా వెతికాడు. స్టూలు కింద డబ్బా కనిపిస్తే, బ్యాటరీ అని మూత తీశాడు.

"కూరండీ," అంది ఆమె. "రుచి మాత్రం చూడకండి."

గదిలోంచి గొట్టాలు బయటికి వెళ్ళాయి. వాటి వెంట ఆయన రాళ్ళ అంచు దాకా వెళ్ళి వంగి చూశాడు. గొట్టాలు తెప్ప దగ్గర ఆగాయి. తెప్ప తర్వాత ఉన్నది సముద్రం.

"సముద్రం చూస్తే చెరువులా పడి ఉంది! దీనికి కరెంటెలా వస్తుంది? ఎవర్ని మోసం చేస్తున్నారు?"

"నురగలో ఏముంది సార్, అది సందడి. పని చేసేది కింద ఉన్న ఊపు. ఎక్కడో నడిసముద్రంలో గాలి కొట్టింది, ఆ ఊపు ఇప్పటికి ఇక్కడికొచ్చింది. తెప్పను చూడండి. నీళ్ళను కాదు."

ఆయన తెప్పను చూశాడు. అది ఇనుప చేతుల మీద నిండు గర్భిణి నడకలా నెమ్మదిగా, బరువుగా లేస్తోంది, దిగుతోంది. ఇంకా దగ్గరగా చూద్దామని కింది రాయి మీదికి దిగాడు. అప్పుడే నున్నటి నీరు శబ్దం లేకుండా పైకి పొంగి, ఆయన్ను నడుము దాకా తడిపి, మర్యాదగా వెనక్కి వెళ్ళింది.

"ఇంకా లోపలికెళ్ళి చూస్తారా బాబూ?" అంది అత్తగారు. "ఈతొచ్చా?"

ఆడవాళ్ళ నవ్వులకు గట్టు అదిరింది. ఆయన చేపలా నోరు తెరిచి మూశాడు. తెప్ప వైపు, వెనక పగటి వెలుతురులోనూ స్పష్టంగా కనబడుతున్న షెడ్డు దీపాల వైపు మార్చి మార్చి చూశాడు. ఈలోగా రోడ్డు మీదనుంచి ఐసు ఫ్యాక్టరీ యజమాని గుండెలు బాదుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"మేనేజరూ! నీ రుమాలు పాడుగాను! ఫ్యూజులన్నీ మాడిపోయాయి, చల్లగదిలో ఐసు కరిగిపోతోంది, వేలానికొచ్చిన సరుకంతా అందులోనే ఉంది! కుళ్ళితే ఎవరు తింటారు, నువ్వు తింటావా?"

ఆడవాళ్ళ నవ్వు ఆగిపోయింది. ఆ సరుకు సగం వాళ్ళదే. మేనేజరు రుమాలు తీయబోయి, భయమేసి మళ్ళీ జేబులో కుక్కేశాడు.

ఇంజనీరమ్మ లేచింది. "మేనేజరుగారూ, మీరు లాగించిన కేబులు లావుదేనా?"

"బాగా లావుదేనమ్మా. దొంగతనమైనా నాసిరకం వాడను."

"ఇన్నాళ్ళకు ఒక్క పని సరిగ్గా చేశారు." ఆమె తాళంకప్ప వైపు తిరిగింది. "సార్, ఇప్పుడు నేను ముట్టుకోవచ్చా?"

నడుము దాకా నీళ్ళోడుతున్న ఆ మనిషి తెప్ప వైపు ఇంకోసారి చూశాడు. "మీరొక్కరే," అన్నాడు.

ఆమె షెడ్డుకు వచ్చి, తీగల్ని సరిచూసుకుని, ఫ్యాక్టరీ అసలు లైను స్విచ్చి దింపించి, దాని పెట్టెకు తాళం వేయించి, తాళం చెవి తన దగ్గరే పెట్టుకుంది. ఐసు ఫ్యాక్టరీ నుంచి కరెంటు దొంగిలించడానికి వేసిన కేబులులో కరెంటు ఎదురు నడిచింది. ఫ్యాక్టరీ అంతా కాదు గానీ, చల్లగది మోటారు ఒక మూలుగు మూలిగి తిరగడం మొదలుపెట్టింది. షెడ్డులో దీపం ఒక్కటి కూడా కునుకు తీయలేదు. యజమాని చల్లగది తలుపు సందులో చెయ్యి పెట్టి, చలికి వెనక్కి లాక్కుని, సముద్రానికి దండం పెట్టాడు. దండం పెట్టాల్సింది అటు కాదని అత్తగారు ఆయన్ను భుజం పట్టుకుని కోడలి వైపు తిప్పింది.

తాళంకప్ప ప్యాంటు పిండుకుంటూ కారు దాకా వెళ్ళాడు. ఆగాడు. వెనక్కి వచ్చి, సంచీలోంచి తాళాన్ని, తాళం చెవిని తీసి ఇంజనీరమ్మ చేతిలో పెట్టాడు.

"ఇది గట్టు మీద గదికి వేద్దామని తెచ్చాను. మీరుంచుకోండి. షెడ్డులో ఆ బోర్డుకు వేయండి. మీ యంత్రానికి శత్రువులు లేరమ్మా, సాయం చేసేవాళ్ళే ఎక్కువున్నారు."

మర్నాడు తెల్లవారకముందే షెడ్డులో దీపాలు వెలిగాయి. ఆడవాళ్ళు రెండు చేతులతో చేపలు కోశారు, నోళ్ళు ఖాళీగా ఉండటంతో పొద్దెక్కేదాకా మేనేజరు రుమాలు గురించి మాట్లాడుకున్నారు.

ఇంట్లో మాత్రం బుద్ధి అందరికీ గట్టిగానే వచ్చింది. ఇంజనీరమ్మ కూర పొయ్యి మీద పెట్టి, ఉప్పు సంగతి అత్తగారు చూసుకుంటుందని స్నానానికి వెళ్ళింది. అత్తగారు వంటింట్లోకి వచ్చి, ఉప్పు డబ్బా వైపు చూసి, చేతులు కట్టుకుని వెళ్ళిపోయింది. భర్త గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

ముగ్గురూ కూర్చుని, ఉప్పు లేని కూరను మారు మాట్లాడకుండా తిన్నారు.